జాడీకీ తనకీ ఒకటే వయసు

"పాపా, పుట్టిన తేదీ ఉన్న కార్డేదైనా ఉందా?" అంది కౌంటరు అమ్మాయి, రమ్ము సీసాను ఇవతలికి జరపకుండా, అలాగని లోపలా పెట్టేయకుండా మధ్యలో పట్టుకుని. పాపా అన్న పిల్లకు ఇరవై రెండు దాటి ఉండవు, అనిపించుకున్న మనిషికి నలభై రెండు నిండాయి. కోపం రావాలి. ఇన్నేళ్ళూ ఠంచనుగా వచ్చేది కూడా, ముందు చెవులు వేడెక్కేవి, తర్వాత ముక్కు, ఆ తర్వాత నోటికి పెద్ద పెద్ద మాటలు వచ్చి, అన్నీ చిన్నపిల్ల గొంతులో బయటపడి, ఎదుటివాళ్ళకు నవ్వు తెప్పించేవి. ఈసారి చెవులు చల్లగానే ఉన్నాయి. "ఇంట్లో ఉండిపోయిందండీ" అంది, అంతే, ఆ గొంతు వినగానే కౌంటరు అమ్మాయి అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. "ఏమీ అనుకోకు... అనుకోకండి. కార్డు చూడకుండా ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది, చేరి పది రోజులు కూడా కాలేదు. మేనేజరు గారు బ్యాంకుకి వెళ్ళారు, అరగంటలో వచ్చేస్తారు, ఆయన సరేనంటే ఇచ్చేస్తాను. అక్కడ కూర్చో... కూర్చోండి" అని నువ్వుకీ మీరుకీ మధ్య నలిగిపోయి, మంచినీళ్ళ సీసాల కట్టల పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ స్టూలు చూపించింది.

కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. ఇదేమీ కొత్త కాదు, బస్సుల్లో, బ్యాంకుల్లో, పళ్ళ డాక్టరు దగ్గర, ఎక్కడా అందవు, వాటి మానాన అవి వేలాడుతుంటాయి. గోడ గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. అద్దాల తలుపు మీద కాగితం అంటించారు, ఈరోజు ఆరింటికే మూసేస్తాం, రేపూ ఎల్లుండీ సెలవు అని. రెండు రోజులు ఆగకూడదా అంటే ఆగడానికి లేదు, పొద్దున పళ్ళు తోముకుంటూ వంటింట్లోకి వెళ్ళినప్పుడు కిటికీలోంచి వచ్చిన వెలుతురు సరిగ్గా పై అరలోని గాజు జాడీ మీద పడి, లోపల పై వరస ఎండుద్రాక్షలు రమ్ములోంచి తలలు బయటపెట్టి కూర్చోవడం కనబడింది. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. ఒక్క పండు గాలి తాగిందా, జాడీ అంతా బూజే, అనేది అమ్మ. ఇంకా బూజు రాలేదు, స్టూలెక్కి గాజుకు ముక్కు ఆనించి మరీ చూసింది, కానీ రావడానికి ఈ రెండు రోజులు చాలు. మూత మాత్రం తియ్యలేదు. పదకొండు నెలలుగా తియ్యలేదు. తీస్తే లోపలున్న వాసన బయటికి వచ్చేస్తుంది, ఆ వాసన అమ్మ చేతులది, వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వీధిలోకి పోతుంది, తర్వాత ఇంకెక్కడ వెతుక్కోవాలి?

అమ్మ ముప్ఫై ఏళ్ళు బేకరీలో కేకులు చేసింది. తనను మోస్తున్న ఏడో నెలలో ఇక బరువైన ట్రేలు ఎత్తొద్దని యజమాని ఇంటికి పంపేస్తే, ఊరికే కూర్చోవడం చేతకాక, కడుపుతో ఉన్న మనిషి వెళ్ళి ఒక సీసా రమ్ము కొనుక్కొచ్చి, ఎండుద్రాక్ష, ఎండు చెర్రీలు, నారింజ తొక్కు తరిగి పోసి మూత బిగించింది. చుట్టుపక్కల వాళ్ళు ఆ సీసాను చూసి ఏమేమి అనుకున్నారో అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నవ్వాగేది కాదు. అప్పట్నుంచి ఆ జాడీ ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. కేకుకి రెండు గరిటెలు తీస్తే రెండు గుప్పెళ్ళ పండ్లు వేసేది, ఆర్నెల్లకోసారి రమ్ము పోసి నిండా చేసేది, పోసిన తేదీ కాగితం మీద రాసి జాడీకి అంటించేది, ఒక కాగితం నిండితే దాని మీదే ఇంకొకటి, ఇప్పుడా కాగితాలే వేలి మందాన ఉన్నాయి. ఇందులో నీకంటే రెండు నెలలు పెద్ద ద్రాక్షపండు ఒక్కటైనా అడుగున ఉంటుంది, దానికి ముడతలొచ్చాయి, నీకు రాలేదు, అనేది. పుట్టినరోజు నాడు కేకులో పంటికింద ఏదైనా మరీ మెత్తగా తగిలితే అదేనేమో అని నమలకుండా ఆగిపోయేది తను. ఎప్పుడూ అది కాదు. అడుగున అలాగే ఉంది, ఉండాలి, ఆరులోపు సీసా చేతికొస్తే ఉంటుంది.

పైకప్పు మూల ఒక గుండ్రటి అద్దం, దొంగల్ని కనిపెట్టడానికి పెట్టింది, అందులో దుకాణమంతా చిన్నదైపోయి, వరసలు వరసలుగా సీసాలు, వాటి చివర ఎర్రటి చుక్కలాంటి స్టూలు, దాని మీద తను. అద్దంలో అందరూ చిన్నవాళ్ళే కాబట్టి అక్కడ తనకేమీ తక్కువ కాలేదు. ఇంట్లో గది తలుపు చెక్కకు పెన్సిలు గీతలుండేవి, ఏడాదికొకటి, పుస్తకం తల మీద పెట్టి అమ్మ గీసేది, పదమూడో ఏడు గీత, పద్నాలుగో ఏడు దాని మీదే గీత, పదిహేనూ అక్కడే, పదహారూ అక్కడే, అమ్మ మాత్రం మానలేదు, ప్రతి ఏడూ పుస్తకం పెట్టి అంతే శ్రద్ధగా గీసింది, గీత లావైంది కానీ పైకి జరగలేదు. ఏం పిట్టా, లావెక్కావులే, అంది చివరిసారి. పిట్ట. ఆ పేరు పెట్టింది అమ్మే, పిలిచిందీ అమ్మే. పిన్ని పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది, డబ్బింగు స్టూడియోలో అందరూ మేడమ్ అంటారు, ఫోన్లో కొత్తవాళ్ళు పెద్దవాళ్ళకి ఇవ్వమ్మా అంటారు. గ్యాసు కంపెనీ వాళ్ళూ అదే మాట, బ్యాంకు వాళ్ళూ అదే మాట, ఒక పెళ్ళి సంబంధం వాళ్ళు కూడా అదే అన్నారు, పెళ్ళికూతురికి ఫోనివ్వు పాపా అని. ఆ సంబంధం పోయింది. పోతే పోయిందిలే, నీ గొంతు విని పారిపోయేవాళ్ళు నా కేకలు వింటే ఏమయ్యేవాళ్ళు అని అమ్మ ఆ రోజంతా నవ్వించింది, తర్వాత వంటింట్లో ఒక్కతే చాలాసేపు గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది.

తలుపు తోసుకుని ఒకతను లోపలికి వచ్చాడు, చొక్కా జేబులో మడత స్కేలు, చెవి మీద పెన్సిలు, జుట్టు నిండా రంపపు పొట్టు. రెండు బీరు సీసాలు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. కార్డూ లేదు, పాడూ లేదు, గడ్డం ఉంది. కౌంటరు అమ్మాయి ఇటు చూసి, చూసినందుకు సిగ్గుపడి, కంప్యూటరు తెర తుడవడం మొదలుపెట్టింది. మంచి పిల్లే. ఇరవై రెండేళ్ళంటే, లెక్క వేస్తే, ఈ పిల్లకు ఐదారేళ్ళప్పుడు టీవీలో గున్న వస్తుండేది. తప్పిపోయిన ఏనుగు పిల్ల గున్న, రోజూ సాయంత్రం ఐదింటికి, ఎనిమిదేళ్ళ పాటు వచ్చింది, దాని గొంతు తనది. ఈ పిల్లా ఆ గొంతు వింటూనే పాలు తాగి ఉంటుంది. ఇప్పుడు లేచి వెళ్ళి, ఇదిగో చూడమ్మా, నీ చిన్నప్పుడు గున్నని నేనే, అంటే నమ్ముతుంది, నమ్మక తప్పదు. కానీ అనలేదు. పోయిన వారం స్టూడియోలో ఇంకో బొమ్మల కథ, కుందేలు పిల్ల, నలభై పేజీలు గడగడా చెప్పేసి, అమ్మా ఎక్కడున్నావ్ అనే దగ్గర ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటుంది, తప్పిపోయే పిల్లలు లేకపోతే బొమ్మల కథలే లేవు, జీతమంతా ఆ ఒక్క మాట మీదే వచ్చిందంటే అబద్ధం కాదు. పద్నాలుగుసార్లు చెప్పింది. అద్దం అవతలి నుంచి సౌండు ఇంజనీరు, పాపం నెమ్మదస్తుడు, మేడమ్, పిల్ల వెతుకుతున్నట్టు చెప్తే చాలండీ, మీరు దొరకదని తెలిసినట్టు చెప్తున్నారు, అన్నాడు. నిజమే. పదిహేనోది ఆ మాట తీసేసి రికార్డు చేశారు.

నాలుగూ పావు. ఫ్రిజ్జు గుర్రుమని ఆగింది. ఈ కౌంటరు ముందు అమ్మతో ఎన్నిసార్లు నిలబడలేదు. తన ముప్ఫయ్యో ఏట అమ్మ ఒక రోజు, ఎన్నాళ్ళు నేనే కొనాలి, ఇకనుంచి నువ్వు కొను, నేను వెనక నిలబడతాను, అంది, సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకున్నట్టే. తను వెళ్ళి అడిగేది. అవతలివాళ్ళు కార్డు అడిగేవారు. అమ్మ వెనకనుంచి రెండడుగులు ముందుకొచ్చి, కన్నది నేను, అనుమానముంటే నన్నడగండి, అనేది, బేకరీలో అరిచి అరిచి పెరిగిన గొంతు అది, దుకాణమంతా మోగేది, మేనేజరు లోపల్నుంచి నవ్వుకుంటూ వచ్చేవాడు, ఇవ్వమ్మా ఇవ్వు, ఆవిడతో మనకెందుకు, అని. ఇంటికెళ్ళే దారంతా పోట్లాట. అమ్మా, నా దగ్గర కార్డుంది, నన్ను చూపించుకోనిస్తావా లేదా? కార్డెందుకే, నేను లేనూ? పరువు తీస్తున్నావమ్మా. తీస్తే తీశాను, సీసా వచ్చిందా లేదా? పన్నెండేళ్ళు అదే పోట్లాట, ఆర్నెల్లకోసారి. చివరికి తనే కార్డు వెంట తెచ్చుకోవడం మానేసింది. వెనక అమ్మ ఉన్నప్పుడు కార్డుతో పనేముంది? సైకిలైతే ఏదో ఒక క్షణంలో వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి వదిలేసి నవ్వుతూ దూరంగా కనిపిస్తారు. ఇక్కడ వెనక్కి తిరిగితే మంచినీళ్ళ సీసాలున్నాయి.

కార్డు ఇంట్లో ఎక్కడుందో తెలియక కాదు. బీరువా మీద, నీలం రంగు ఆసుపత్రి ఫైల్లో, ఆఖరి కాగితం వెనక. ఆ రోజు అక్కడ బల్ల దగ్గర కూర్చున్న నర్సు, పాపా, సంతకం పెట్టాలి, పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా, అంది. వెనక్కి తిరిగింది తను. అలవాటు. ఎప్పుడూ ఆ మాట అడగ్గానే వెనకనుంచి రెండడుగులు చప్పుడయ్యేవి కదా, ఆ చప్పుడు కోసం తిరిగింది, కారిడారు ఆ చివరిదాకా ఎవరూ లేరు, అమ్మ లోపలి గదిలో తెల్ల దుప్పటి కింద ఉంది. అప్పుడు కార్డు తీసి బల్ల మీద పెట్టి, నేనేనండీ పెద్దదాన్ని, అంది. నర్సు కార్డు చూసింది, మనిషిని చూసింది, లేచి నిలబడింది. తను సంతకం పెట్టింది, కార్డు ఫైల్లో పడేసింది, ఫైలు బీరువా ఎక్కింది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పే అవసరం రాలేదు, ఫోన్లన్నీ పిన్నే చేసింది, మా అక్క పోయిందండీ అని ఒక్కొక్కరికీ పిన్నే చెప్పింది, తను పక్కన కూర్చుని వింది. ఈ పదకొండు నెలల్లో ఆ మాట తన నోటితో ఒక్కసారి కూడా అనలేదు. జాడీ మూత, ఫైలు అట్ట, ఈ మాట, మూడూ తెరవకుండా అలాగే నడిపించుకొచ్చింది, ఇంకా నడిపేదే, ద్రాక్షపండ్లు తల బయటపెట్టకపోతే.

"ఏమ్మా! బాగున్నావా?"

మేనేజరు. చంకలో బ్యాంకు సంచి, నుదుటి మీద చెమట, జుట్టు ఏడాదిలో ఇంకాస్త తగ్గింది. కౌంటరు అమ్మాయి గబగబా చెప్పుకుపోతోంది, కార్డు లేదట సార్, నేను ఇవ్వలేదు సార్, కూర్చోబెట్టాను సార్. ఆయన వినీ విననట్టు చెయ్యి ఊపి, తలుపు వైపు, తలుపు అవతలి మెట్ల వైపు తొంగి చూసి, "అమ్మగారేరీ? బయటే ఆగిపోయారా? రమ్మను, ఆవిడ అరుపు విని ఏడాదవుతోంది" అన్నాడు.

ఆ మాట చెప్పాల్సిన చోటు వచ్చేసింది. ఇక్కడ పిన్ని లేదు. స్టూలు దిగింది, కాళ్ళు నేలకు అందాయి. కుందేలు పిల్ల గొంతులో రాకూడదు, గున్న గొంతులో రాకూడదు, కానీ ఉన్నది ఒక్క గొంతే, దేవుడు ఇంకోటి ఇవ్వలేదు. "అమ్మ లేదండీ" అంది. ఆయన ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు, ఇంటి దగ్గర ఉందని అనుకుంటున్నట్టున్నాడు. "అమ్మ చనిపోయిందండీ. పదకొండు నెలలైంది."

చిన్నపిల్ల గొంతే, మార్పేమీ లేదు, కానీ వణకలేదు, మధ్యలో తెగలేదు, ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. మేనేజరు సంచి కౌంటరు మీద పెట్టాడు. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుని, "అయ్యో, చీటీ!" అని కౌంటరు వెనక్కి వెళ్ళి, కింది సొరుగు లాగి, పాత బిస్కెట్ల డబ్బా తీసి, తాళంచెవులూ పెన్ను మూతలూ అటూ ఇటూ జరిపి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి బయటికి లాగాడు. "పోయినేడు మీ అమ్మగారు ఒక్కరే వచ్చి ఇచ్చివెళ్ళారమ్మా. మనిషి బాగా చిక్కిపోయారు అప్పటికే. నేను రాలేని రోజున మా అమ్మాయి వస్తే చూడండి అన్నారు. నేనది మర్చేపోయాను, చూడు." బేకరీ వాళ్ళ బిల్లు కాగితం వెనక, జాడీ మీది తేదీల్లాగే గుండ్రంగా, ఒత్తి రాసిన అక్షరాలు.

'మేనేజరు గారికి. ఈ చీటీ మా అమ్మాయి గురించి. చూడ్డానికి ఎనిమిదో తరగతి పిల్లలా ఉంటుంది, గొంతూ అంతే, మోసపోవద్దు. దాని వయసు నలభై ఒకటి. పుట్టిన తేదీ కింద రాశాను. తెల్లవారుజామున నాలుగూ పదికి పుట్టింది. బరువు రెండు కిలోల నూట యాభై గ్రాములు. ఆసుపత్రి వాళ్ళ త్రాసు మీద నాకు నమ్మకం లేక మా బేకరీ త్రాసు మీద మళ్ళీ తూచాను, సరిపోయింది. ఎడమ చెవి వెనక మచ్చ ఉంది, కావాలంటే చూసుకోండి. ఎప్పుడూ తీసుకునే ముదురు రంగు రమ్మే ఇవ్వండి, కొత్త రకాలు అంటగట్టొద్దు. అది ఒక్కతే వచ్చిందంటే నా సంగతి మీకు తెలిసినట్టే. దాన్ని మాత్రం ఏమీ అడగొద్దు. అడిగితే ఏడుస్తుంది.'

"ముందు ఇది చదివి ఉండాల్సింది నేను" అన్నాడు మేనేజరు, తల వంచుకుని. "ఏడవలేదు కదండీ" అంది తను, నిజంగానే ఏడవలేదు, అమ్మ లెక్క ఇన్నాళ్ళకు ఒక్కసారి తప్పింది, అది చెప్దామనే నోరు తెరిచింది, ఆ చెప్పడంలోనే వచ్చేసింది ఏడుపు, పిండి త్రాసు మీద గుడ్డలో చుట్టిన రెండు కిలోల నూట యాభై గ్రాములు కళ్ళ ముందుకొచ్చి, పళ్ళెం కిందికి దిగడం కనబడి, దిగినంతసేపూ అమ్మ ముల్లు వైపు కళ్ళార్పకుండా చూడడం కనబడి, ముక్కూ మూతీ ఏకమయ్యేలా ఏడ్చింది. కౌంటరు అమ్మాయి పెట్టెలోంచి కాగితపు రుమాళ్ళు లాగి ఒకటి ఇచ్చింది, ఇంకొకటి ఆ పిల్ల తనకే ఉంచుకుంది.

"ఇచ్చెయ్యమ్మా సీసా" అన్నాడు మేనేజరు. కౌంటరు అమ్మాయి కళ్ళు తుడుచుకుని, చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "తేదీ రాశారు కానీ సార్, ఇది చెల్లదు కదా. అమ్మ రాసిచ్చిన చీటీ అంటే..." అని ఆగిపోయింది. ఆ పిల్ల చెప్పలేకపోయింది కానీ మాట నిజం. జలుబు చేసి బడికి రాలేదని రాసే చీటీకీ దీనికీ తేడా లేదు. కూతురు పెద్దదైపోయిందని లోకానికి చెప్పడానికి అమ్మ తప్ప ఇంకెవరైనా ఇలా చీటీ రాస్తారా, రాసి, ఏడిపించొద్దని కింద ఇంకో మాట చేరుస్తారా? ఏడుపులోనే నవ్వొచ్చింది. "కార్డు బదులు నా కోడ్ కొడతానులే, నేనెరిగిన మనిషే కదా" అంటూ మేనేజరు కంప్యూటరు వైపు వస్తుంటే, "వద్దండీ" అంది. ఇద్దరూ తిరిగి చూశారు. ఇదే చీటీతో సీసా తీసుకెళ్తే ఈసారికీ అమ్మే కొనిపెట్టినట్టు. వెనకనుంచి వచ్చిన ఆఖరి రెండడుగులు ఇవే, ఇక రావు, ఇది జేబులో పెట్టుకోవాలి కానీ కౌంటరు మీద ఖర్చు పెట్టకూడదు. "ఇంకా టైముంది. బస్సులో వెళ్ళడానికి పాతిక నిమిషాలు, రావడానికి పాతిక. కార్డు తెచ్చుకుంటాను. ఈ చీటీ మాత్రం నాకిచ్చెయ్యండి."

"ఆరు దాటినా నీ కోసం తలుపు తీసే ఉంచుతానమ్మా" అన్నాడు మేనేజరు. ఫైలు దించాలి, కుర్చీ వేసుకుంటేనే బీరువా పైకి చెయ్యి అందుతుంది. అట్ట తెరవాలి. ఆఖరి కాగితం చదవక్కర్లేదు, దాని వెనక చెయ్యి పెడితే చాలు, చదివినా ఫర్వాలేదు. రాత్రికి జాడీ మూత తియ్యాలి, వాసన వస్తే రానీ, మళ్ళీ పోస్తాం కదా, తేదీ కూడా రాయాలి, కాగితంలో చోటుందో లేదో. కౌంటరు అమ్మాయి సీసాను వెనక అరలో విడిగా పెట్టి, చిన్న కాగితం చింపి, లావు పెన్ను మూత తీసింది. "వేరేవాళ్ళు తీసుకోకుండా చీటీ అంటిస్తానండీ. ఏం పేరు రాయమంటారు?"

తలుపు దగ్గర ఆగింది తను. కార్డు మీద ఒక పేరుంది, పొడుగ్గా, ఇంటిపేరుతో సహా, అది ఎలాగూ గంటలో ఈ పిల్ల చేతికి వస్తుంది.

"పిట్ట అని రాయండి."

"పిట్ట గారు అనా?"

"గారు వద్దు, పిట్ట చాలు. నేను తిరిగి రాగానే ముందు కార్డు అడగండి, చూపిస్తాను. చూశాక ఆ కాగితం మీదున్న పేరు పెట్టి ఒక్కసారి గట్టిగా పిలవండి."

కౌంటరు అమ్మాయి పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, సీసాకి అంటించి, అది ఇటువైపు కనిపించేలా తిప్పి పెట్టింది.